గ్రామఫోను ప్లేట్లు - గోదావరిసీమ నాటకపద్యము



చరిత్ర యనగనే మనకు శాసనములు, తాళపత్రములు, నాణెములు జ్ఞప్తికి వచ్చును. రామచంద్రపురమున నివసించు మాకు అట్టి సాధనములకు కొఱత లేదు. సమీపముననే యున్న ద్రాక్షారామ భీమేశ్వరాలయమున గోడలయందును స్తంభములయందును వందలకొలది శాసనములు కలవు. వానిని చదివిన పండితులు రాజుల పేళ్ళను, దాతల వంశములను, అఖండదీపములకై యిచ్చిన గొఱ్ఱెల సంఖ్యను సైతము మనకు తెలిపియున్నారు. కాని ఆ దేవుని సన్నిధిని పాడినవారి కంఠము ఎట్లుండెనో ఏ రాయియు చెప్పజాలదు. కంఠమును దాచగల శాసనము మానవజాతికి నిన్నమొన్ననే లభించినది. అది లక్కతో చేసిన నల్లని పళ్లెము. దానినే మనవారు గ్రామఫోను ప్లేటు అనిరి. ఆ ప్లేట్ల చరిత్రను గూర్చియు, వానిని ఏరి కూర్చువారి పనిని గూర్చియు నేడు ముచ్చటింపదలచితిని.

పాత ప్లేట్లను వెదకి కొనుట ఒక వ్యసనమని నవ్వువారు కలరు. ఈ వ్యసనము మనకే పరిమితమైనది కాదు. 1949లో అమెరికాలో ఆర్.సి.ఎ. విక్టర్ కంపెనీవారు నిమిషమునకు 45 చుట్లు తిరుగు 7 అంగుళముల చిన్న ప్లేటును వెలువరించిరి. ప్రక్కకొక పాట చొప్పున రెండు పాటలు పట్టు ఆ ప్లేటుకు సింగిల్ అని పేరు వచ్చినది. తరువాతి కాలమున, పెద్ద కంపెనీల ప్రాపకము లేని రాక్ సంగీతబృందములు తమ తొలిపాటలను కొలది ప్రతులు మాత్రమే అట్టి సింగిళ్ళపై నచ్చొత్తించుకొనిరి. అందు వెనుకప్రక్కనున్న పాట తఱచుగా మఱి యే పెద్ద ప్లేటునను దొరకదు. కావుననే అభిమానులు ఆ చిన్న ప్లేటుకొఱకు దేశములు గాలింతురు. వారు వెదకునది వస్తువును మాత్రమే కాదు. మఱియొకచోట లేని పాటను. మన 10 అంగుళముల లక్కప్లేటు ఈ సింగిలుకు అక్క వంటిది. అదియు ప్రక్కకు మూడు నిమిషముల పాటనే పట్టును. అందున్న కంఠములలో పెక్కింటికి అదియొక్కటే ఆశ్రయము.

ఈ విద్య పుట్టుకను క్లుప్తముగా మనవి చేసెదను. 1877లో ఎడిసను శబ్దమును గొట్టముపై గీసి మరల పలికించెను. 1887లో ఎమిలి బెర్లినరు అను జర్మనుదేశీయుడు, అమెరికాలో నివసించుచు, గొట్టమునకు బదులు చదునైన బిళ్ళపై గీయు పద్ధతిని కనిపెట్టెను. గొట్టమును ఒక్కొక్కటిగా చేయవలెను. బిళ్ళకైనచో ఒక అచ్చు తయారైన పిమ్మట వేలకొలది ప్రతులు తీయవచ్చును. పాట పుస్తకమువలె అచ్చుపడుట నాటినుండియే. 1902లో ఫ్రెడ్ గైస్‌బర్గు అను నతడు లండనునుండి కలకత్తాకు వచ్చి గౌహర్ జాన్ మున్నగువారిచేత పాడించెను. అచ్చొత్తుట జర్మనీలోని హానోవరు నగరమున జరుగుచుండెను. అచ్చటి పనివాండ్రకు మన గాయకుల భాష తెలియదు గావున, పాట ముగియగనే పాడినవారు తమ పేరు తామే చెప్పుకొనవలసి వచ్చెను. గౌహర్ జాన్ పాట చివర ఆంగ్లమున తన పేరు పలుకుట యందువలననే. 1908లో కలకత్తాలోని సియాల్దాయందు కర్మాగారము నెలకొన్న తరువాత ప్లేట్లు మనదేశముననే తయారగుచు వచ్చినవి. మదరాసునకు వచ్చిన రికార్డు కంపెనీలు అరవపాటలతోపాటు తెలుగుపాటలను, పద్యములను, హరికథలను గూడ తీసికొనినవి.

ఈ ప్లేటులోని ముఖ్యద్రవ్యము లక్క. మోదుగ, రేగు మొదలగు చెట్ల కొమ్మలపై లక్కపురుగు చేయు జిగురే యది. ఛోటానాగపూరు అడవులలో కోయవారలు కాదు, అచ్చటి ఆదివాసులు సేకరించిన లక్క ప్రపంచమందలి ప్లేట్లకెల్ల ఆధారమయ్యెను. దానికి రాతిపొడిని, మసిని, కొంత నూలుపీచును చేర్చి వేడిలో నొత్తినచో ప్లేటు తయారగును. గాజువలె నున్నగా నుండును, గాజువలెనే పగులును. దానిపై ఇనుపపిన్ను నడుచును. ప్రక్కకొక క్రొత్త పిన్ను వేయవలెనని కంపెనీవారు చెప్పినను, పొదుపరులైన మన గృహస్థులు ఒక్క పిన్నుతో పది పాటలు వినుట సామాన్యము. దాని ఫలితమును ముందు చెప్పెదను.

ఇక గోదావరిసీమకు వత్తము. 1847 మొదలు 1852 వఱకు ధవళేశ్వరమువద్ద ఆనకట్ట కట్టబడినది. కాలువలు వచ్చినవి, కాలువలతో పంటయు, పంటతో చేతినిండ డబ్బును వచ్చినవి. కోతలు ముగిసి ధాన్యము అమ్ముడైన తరువాత నాటకము లాడించుట ఈ సీమలో వేడుక. ఆ నాటకమునకు పుట్టినిల్లును మన గోదావరి గట్టే యనవచ్చును. 1880లో కందుకూరి వీరేశలింగము పంతులుగారు రాజమహేంద్రవరమున తమ విద్యార్థులచేత నాటకములు ఆడించిరి. బళ్లారిలో ధర్మవరము రామకృష్ణమాచార్యులుగారు నాటకమునకు పాటలను, రాగయుక్తమైన పద్యములను తెచ్చిపెట్టిరి. 1889 ప్రాంతమున చిలకమర్తి లక్ష్మీనరసింహముగారు రాజమహేంద్రవరపు నాటకసమాజముకొఱకు గయోపాఖ్యానమును రచించిరి. మాకు దగ్గఱనే యున్న కడియమున జన్మించిన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారును, పశ్చిమగోదావరి యెండగండికి చెందిన దివాకర్ల తిరుపతిశాస్త్రిగారును కలసి వ్రాసిన పాండవోద్యోగ విజయముల పద్యములు అక్షరము రానివారి నోళ్ళలో గూడ ఆడినవి. కాకినాడలో కాలము గడపిన కాళ్లకూరి నారాయణరావుగారు చింతామణిని, వరవిక్రయమును రచించిరి. ఇట్లు పద్యము వ్రాసినవారు ఈ సీమవారు. పద్యమునకు చెవి కోసికొను ప్రేక్షకులును ఈ సీమవారే. గ్రామఫోను పెట్టె వచ్చునప్పటికి దానికి కావలసిన శ్రోత యిచ్చట సిద్ధముగా నుండెను.

నాటకశాలలో మంచి పద్యము పూర్తియైన తోడనే జనము 'వన్స్‌మోర్' అని కేకలు వేయువారు. చచ్చి పడియున్న పాత్రధారి సైతము లేచి పద్యము పాడి మరల చచ్చెనని చెప్పుకొను హాస్యకథలు మన పెద్దలనోట వినియే యుందుము. గ్రామఫోను వచ్చుట వలన ఆ 'వన్స్‌మోర్' ఇంటి యరుగుమీదికి వచ్చినది. కీ యిచ్చి, పిన్ను పెట్టినచో నటుడు అలయక, విసుగక ఎన్నిమారులైన పాడును. నాటకము చూచుటకు టిక్కెట్టు కొనలేనివాడు సైతము అరుగుక్రింద నిలుచుండి వినగలిగెను.

అయితే ఈ వరమునకు ఒక షరతు కలదు. రంగస్థలముమీద నటుడు పద్యపాదమును ముగించి రాగము నెత్తుకొన్నచో ఎంతసేపు సాగునో అతని యిష్టము, జనుల యిష్టము. ప్లేటుమీద మూడు నిమిషములు దాటగనే గీత ముగియును. కావున పద్యము నడక త్వరపడినది, రాగము కురుచయైనది, ముగింపు ముందుగానే సిద్ధము చేసికొనవలసి వచ్చినది. ప్లేటును విని నాటి నాటకమంతయు ఇట్లే యుండెననుకొనువారు పొరపడుచున్నారు. మన చేతనున్నది నాటకము కాదు. నాటకమునుండి తీసి మూడు నిమిషముల సంచిలో కుదించి పెట్టినది. ఈ భేదమును మఱవకుండుట శ్రోతకు మొదటి ధర్మము.

మఱియొక విషయమును గూడ గమనింపవలెను. 1925కు పూర్వము మైకు లేదు. గాయకుడు పెద్ద బాకాలోనికి పాడవలెను; ఆ ధ్వనిబలము చేతనే సూది మైనముపై గీయవలెను. సన్నని, మృదువైన కంఠములు అందు నిలువలేదు. కాని మన నటులు వేలకొలది జనుల మధ్య, తాటాకు పందిళ్ళలో, హెచ్చుశ్రుతిని పాడుటకు అలవాటుపడినవారు. పందిరి కడనున్నవానికి వినబడునట్లు సాధన చేసిన కంఠమునకు బాకా యొక లెక్కయా? నాటకపద్యము ప్లేటుపై రాణించుటకు ఈ యభ్యాసమొక ముఖ్యకారణమని నా యభిప్రాయము. 1925 తరువాత విద్యుత్తుతో, మైకుతో రికార్డుచేయు పద్ధతి వచ్చి, క్రమముగా భావగీతములవంటి మెత్తని పాటలకును ప్లేటుపై చోటు దొరికినది.

ఇట్లు మనకు దక్కిన కంఠములలో కొన్నింటిని పేర్కొందును. మైలవరము కంపెనీ నాటకములలో పేరుపొందిన కపిలవాయి రామనాథశాస్త్రిగారి పద్యములు ప్లేట్లపై తెలుగుదేశమంతట మ్రోగినవి. హరిశ్చంద్ర పాత్రకు పేరెన్నికగన్న బందరు డి.వి. సుబ్బారావుగారు, సత్యభామగా పురుషుడై యుండియు స్త్రీలకే ఒయ్యారము నేర్పిన స్థానము నరసింహారావుగారు ప్లేట్లకు పాడిరి. 1956లో పద్మశ్రీ నంది, 1971లో గతించిన స్థానమువారిని చూచినవారు నేడు బహుకొద్దిమంది. టేపుయంత్రములు మన దేశమున వ్యాపింపకమునుపే గతించిన నటులకు ప్లేటు తప్ప వేఱు సాక్షి లేదు. ప్లేటుకు పాడక గతించినవారు పుస్తకములలో పేరై మిగిలిరి.

1932లో భక్తప్రహ్లాద చిత్రము వచ్చినది. మాటాడు బొమ్మ వచ్చిన తరువాత నాటకపు పందిరి క్రమముగా పలుచబడినది. కాకినాడకు చెందిన సి. పుల్లయ్యగారు తీసిన సతీసావిత్రి 1933లోను, లవకుశ 1934లోను విడుదలయ్యెను. వేమూరి గగ్గయ్య, పారుపల్లి సుబ్బారావు మున్నగు రంగస్థలనటులు తెరపైకి వెళ్ళిరి. 1936లో రాజమహేంద్రవరముననే నిడమర్తి సూరయ్యగారి దుర్గాసినీటోను వెలసినది. కంపెనీలు సినిమాపాటలకు ప్రాధాన్యమిచ్చినవి. అయినను సినిమాతో నిమిత్తము లేని ప్లేట్లు ఆగిపోలేదు. సాలూరి రాజేశ్వరరావుగారు, రావు బాలసరస్వతీదేవిగారు లలితగీతములను పాడిరి. రాజమహేంద్రవరమున జన్మించిన టంగుటూరి సూర్యకుమారిగారు 'మా తెలుగుతల్లికి' గీతమును ఇంటింటికి చేర్చిరి. కాకినాడకు చెందిన వింజమూరి సోదరీమణులు సీత, అనసూయగారలు జానపదగేయములను ప్లేట్లకెక్కించిరి. ఘంటసాలగారు కరుణశ్రీగారి పుష్పవిలాపమును పాడిరి. సినిమాపాట సినిమాతో పాటు బ్రతుకును. ఇట్టి విడిపాటకు ప్లేటే ప్రాణము.

ఇప్పుడు సేకరణమును గూర్చి. అరుదైన ప్లేటు అనగా నేమి? పశ్చిమదేశపు సింగిలు తక్కువ ప్రతులు అచ్చుపడుటవలన అరుదైనది. మన నాటకపద్యములలో పెక్కు ప్లేట్ల సంగతి దీనికి విరుద్ధము. అందఱు కొన్నందువలననే అవి నేడు లేవు. రామచంద్రపురము, ద్రాక్షారామము, మండపేట ప్రాంతముల పాతయిండ్ల అటకలపై నేను చూచిన ప్లేట్లలో నిగనిగలాడుచు, గీత చెక్కుచెదరక యున్నవి ఎక్కువగా ఎవరును మెచ్చనివి. ఊరంతయు మెచ్చిన ప్లేటు అరిగియుండును, పగిలియుండును, లేదా పెండ్లివారికి ఎరువిచ్చుటచే తిరిగి రాకయుండును. అరిగిన పిన్నుతో వేయిమార్లు విన్న పాట తన శ్రోతల ప్రేమచేతనే నశించినది.

ఈ యరుగుదలయే ఒక చరిత్రపత్రము. లక్కప్లేటు అరిగినచోట నలుపు పోయి బూడిదవన్నె తేలును. ఒక ప్రక్క తెల్లబారి, రెండవ ప్రక్క నల్లగానే యున్న ప్లేట్లను నేను పెక్కింటిని చూచితిని. ఆ యింటివారు ఏ పద్యమును కోరి వినిరో, దేనిని విడిచిరో చెప్పుటకు ఇంతకంటె సాక్ష్యమేల? నాటి పత్రికలలోని విమర్శలు పట్టణములలోని పండితుల యభిప్రాయము. అటకపై ప్లేటు రైతుల యభిప్రాయము. లేబిలుపై పెన్సిలుతో వ్రాసికొనిన అంకెలు, అమ్మిన దుకాణపువారి ముద్ర, పెండ్లికానుకగా నిచ్చినవారి పేరు, ఇవియు నట్టివే. అందుచేత ప్లేటును కొనుటతో సేకర్త పని ముగియలేదు. లేబిలుపైనున్న సంఖ్యను, గీతల ముగింపున చెక్కియుండు అచ్చుసంఖ్యను, నాటకపు పేరును, రాగమును, ఏ గ్రామపు ఇంటినుండి వచ్చినదో ఆ వివరమును వ్రాసి పెట్టుకొనవలెను. పేరులేని ప్లేటు చిరునామా చిరిగిన ఉత్తరము వంటిది.

మన సీమయందు ప్లేటుకు శత్రువులు మెండు. ఎండకు వంగును, తేమకు బూజుపట్టును. 1986 ఆగస్టు గోదావరి వఱదలోను, 1996 నవంబరు 6వ తేదీ తుపానులోను డెల్టాలోని ఎన్నో ఇండ్లలో సామానులతోపాటు కాగితములు, పుస్తకములు, ప్లేట్లు నీటిపాలైనవి. తడిసిన కాగితపు సంచి గీతలకు అంటుకొని ఎండినచో దానిని విడదీయుట కష్టము. యుద్ధమును ప్లేటుకు శత్రువే. రెండవ ప్రపంచయుద్ధకాలమున లక్క సైనికావసరములకు కావలసి వచ్చి, 1942లో అమెరికా ప్రభుత్వము ప్లేట్లకు లక్కవాడకమును బాగుగా తగ్గించెను. క్రొత్తవి చేయుటకై పాత ప్లేట్లను కరగించుటయు జరిగినది. ఆ యుద్ధమే మాయూరి మీదుగా కాకినాడనుండి కోటిపల్లికి పోవు రైలుమార్గమునకును ముప్పు తెచ్చినది. 1928లో వేసిన ఆ పట్టాలను 1940లో యుద్ధావసరములకై పెకలించుకొనిపోయిరి. రైలు 2004లో తిరిగి వచ్చినది. పట్టాలు మరల వేయవచ్చును. కరగిన ప్లేటులోని కంఠమును మరల పోయలేము.

నేటి శత్రువు వేఱు. మండువాలోగిళ్ళు పడగొట్టి క్రొత్త మేడలు కట్టునపుడు అటకపై సామాను పాతయినుము కొనువానికి పోవును. ప్లేట్లకు అతనివద్ద విలువ లేదు. కొన్నింటిని పట్టణములలో గోడలకు అలంకారముగా వ్రేలాడదీయుదురు. కొన్నింటిని రంగువేసి గడియారములుగా మార్చుదురు. ప్లేట్లున్నవారికి నా విన్నపము లివి. ఒకదానిపై నొకటి పేర్చక, పుస్తకములవలె నిలువుగా నుంచుడు. ధూళిని మెత్తని గుడ్డతో తుడువుడు. స్పిరిటుతో మాత్రము తుడువవలదు. లక్క స్పిరిటులో కరగును, తుడుచుటయే చెఱచుట యగును. ఇనుపపిన్నుతో మరల మరల వినవలదు. తేలికయైన ముల్లుగల నేటి యంత్రముతో ఒక్కమారు నకలు తీయించి, ఆ నకలునే వినుడు.

ఈ పనిని దీక్షతో చేసినవారు మనలో లేకపోలేదు. మదరాసున వి.ఎ.కె. రంగారావుగారు దశాబ్దములుగా వేలకొలది 78 చుట్ల ప్లేట్లను సేకరించి, వానిని గూర్చి వ్రాసి, ఇతరులకు వినిపించిరి. వారి సేకరణము లిమ్కా రికార్డుల గ్రంథమున కెక్కినది. 1990లో ముంబయిలో భారతీయ రికార్డు సేకర్తల సంఘము ఏర్పడి, ప్లేట్ల పట్టికలను, వ్యాసములను ప్రకటించుచు వచ్చినది. అంతర్జాలమున నేడు పాతపద్యములు కొల్లలుగా వినవచ్చుచున్నవి. సంతోషమే. కాని అందు ఒకరి పద్యమునకు మఱియొకరి పేరు తగిలించుటయు కద్దు. ప్లేటు మన చేత నున్నంతవఱకు ఆ తప్పును దిద్దవచ్చును. ప్లేటు పోయినపిమ్మట తప్పే చరిత్ర యగును.

పల్లెలనుండి ప్లేట్లను పట్టణములకు తరలించుట న్యాయమా యని కొందఱడుగుదురు. అటకపై బూజుపట్టుటకంటె, వినువాని యింట నుండుట మేలని నేనందును. కాని అది వచ్చిన యింటి కథ దానివెంట పోవలెను. దాని నకలొకటి ఊరిలో మిగులవలెను. చట్టముచేత గూడ పెద్ద యడ్డంకి లేదు. ధ్వనిముద్రణపై హక్కు, ప్రచురింపబడిన మఱుసటి సంవత్సరారంభమునుండి 60 సంవత్సరములే. నాటకపద్యముల తొలి ప్లేట్లకు ఆ గడువు ఎన్నడో తీరినది. రామచంద్రపురమువంటి ఊరి గ్రంథాలయమున గాని, కళాశాలయందు గాని, చుట్టుప్రక్కల యిండ్లలోని ప్లేట్ల పట్టికను, నకళ్ళను ఒక పెట్టెలో నుంచుటకు పెద్ద ధనము అక్కఱలేదు. కావలసినది ఒక యంత్రము, ఒక పుస్తకము, ఓపికగల యిద్దఱు విద్యార్థులు.

పాతదెల్ల గొప్పదని నేను చెప్పను. ఆ ప్లేట్లలో అపశ్రుతులు కలవు, అరుపులు కలవు, ఛందస్సును రాగము క్రింద నలిపివేసిన పద్యములు కలవు. మంచిచెడ్డల నిర్ణయము రాబోవువారు చేసికొందురు. అయితే నిర్ణయించుటకు వారికి వినికిడి కావలెను గదా! ద్రాక్షారామపు శాసనములను చెక్కినవారు అవి తొమ్మిది వందల యేండ్ల తరువాత ఎవరికి పనికివచ్చునో యెఱుగరు. అయినను రాయి నిలిచినందున మనము చదువుకొంటిమి. మన అటకలపైనున్న శాసనములు రాయివంటివి కావు, జాఱిన పగులును. వానిని పగులకముందే దింపి, తుడిచి, ఒక్కమారు వినుడని కోరుచు సెలవు తీసికొనుచున్నాను.